గోడ పగలగొట్టే ముందు ఒక్క రాత్రి ఆగుండ్రి



ఇయ్యాల వరి ముచ్చట కాదు, పత్తి ముచ్చట కాదు. ఇంటి గోడల ముచ్చట. జర పెద్ద పోస్టే. పని లేని పూట తీరికగా చదువుండ్రి. ఎప్పుడో ఒకప్పుడు మీ ఇంట్ల పనికొస్తది.

ఒకప్పుడు మన ఊర్లల్ల ఇంట్ల నీళ్లంటే బిందె, గోళెం, బోరింగు. బిందె కారితే కింద తడి కనబడేది, పొద్దుగల్లనే తెలిసేది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దిక్కు కోమటిబండల మిషన్ భగీరథ మొదలైంది. ఆ తర్వాత ఇంటింటికి నల్లా వచ్చింది. నల్లా వెనుక సంపు, స్లాబు మీద ట్యాంకు, ఇంట్ల బాత్‌రూం, సింకు అన్నీ వచ్చినయ్. మంచిదే. ఆడోళ్ల నడుములకు ఆసరా అయింది. గని అప్పటిసంది నీళ్లు గోడల్లకు, గచ్చు కిందికి పోయినయ్. ఇప్పుడు కారితే కంటికి కనబడది. కనబడేటాళ్లకు ఆరు నెలలు అయితది.

మన తరిగొప్పుల, నర్మెట్ట దిక్కు నీళ్ల కథ మీకు నేను చెప్పేది లేదు. మన పక్కపొంటి నది పోతలేదు. దేవాదుల నీళ్లు ఎక్కడివి? ములుగు జిల్లా గంగారం దగ్గర గోదావరిల మోటర్లు పెట్టి, అక్కడినుంచి మెట్టు మెట్టుకు ఎత్తిపోసుకుంట వస్తే మన చెరువులు, రిజర్వాయర్లు తడుస్తున్నయ్. లేదంటే వందల ఫీట్ల లోతు బోరు. ఎత్తిపోసిన నీళ్లో, లోతులకెళ్లి తోడిన నీళ్లో తప్ప, ఊరికే వచ్చిన నీళ్లు మనకు వానకాలంలనే. గసొంటి నీళ్లు గోడల్ల ఇంకుతున్నయంటే ఊరుకునేది కాదు.

నీళ్ల ఖర్చు ఒక్కటే అయితే ఇంత రాయకపోదును. రైతు ఇంట్ల తడిగోడ చేసే నష్టం వేరే ఉంటది. ఆ గోడకు ఆనిచ్చి విత్తనాల బస్తాలు పెడతం. నిమ్ము తగిలిన విత్తనం మొలక తగ్గుతది, అది తెలిసేది నారు పోసినంక. తడి ఉన్నకాడికి చెదలు వస్తది, దర్వాజను, బీరువా వెనుక అట్టను, బీరువాలున్న పాసుబుక్కులను వదలదు. నల్లరేగడిల కట్టిన ఇల్లైతే పునాది కింద ఒక్క దిక్కే నేల తడిసి ఉబ్బుతది, గోడకు అడ్డంగ బీట పడ్తది. అన్నిటికన్న పెద్దది కరెంటు. తడిసిన గోడల స్విచ్చుబోర్డు ఉంటే ఆ గోడకే కరెంటు పాకుతది. గోడను ముట్టుకుంటే చెయ్యి జిమ్ముమన్నదంటే అది "కొంచెం షాకే" అని నవ్వుకునే ముచ్చట కాదు. ఆ క్షణమే మెయిన్ బంద్ చేసి కరెంటాయనను పిలువుండ్రి. మీటరు దగ్గర ఆర్‌సీసీబీ అని ఒకటి పెట్టిచ్చుకోండ్రి, 30 మిల్లీయాంపులది. కరెంటు గోడకో మనిషికో పారితే అదే టక్కున పడిపోతది. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటది, నెలకొకసారి ఒత్తి చూడాలె. పడితే పనిచేస్తున్నట్టు.

ఇగ అసలు ముచ్చట. గోడ తడిసిందంటే మనం చేసే మొదటి పని ఏంది? మేస్త్రీని పిలుస్తం. ఆయన గోడ మీద చెయ్యి పెట్టి, "బాత్‌రూం టైల్సు తియ్యాలె" అంటడు. సుత్తె, ఉలి తీస్తడు. ఆరువందలు ఎనిమిదివందలు కూలి, టైల్సు ఖర్చు, సిమెంటు ఖర్చు. తీరా పగలగొట్టినంక అక్కడ పైపు మంచిగనే ఉంటది. మళ్లీ పక్కన పగలగొడ్తరు. నేను చెప్పొచ్చేది ఒక్కటే. సుత్తె ముట్టే ముందు కొలవాలె. ఏ నీళ్లు, ఎంత, ఏ లైన్ల పోతున్నయో తెలిసినంకనే పగలగొట్టాలె. దానికి మిషన్ అక్కరలేదు. ఒక కట్టె, ఒక పెన్సిల్, రెండు మూడు రాత్రులు చాలు.

మొదలు, ఆ తడి ఏ నీళ్లదో తేల్చుకోవాలె. గోడ తడి నాలుగు తీర్ల ఉంటది.

ఒకటి, వాన తడి. వాన పడ్డంక రెండు రోజులకు ఎక్కువైతది, ఎండ కొడితే ఎండుతది. ఎక్కువగ పైకెళ్లి కిందికి దిగుతది. దానికి ప్లంబర్ అక్కరలేదు, స్లాబు, సజ్జ, బీటలు చూసుకోవాలె.

రెండు, నేల నిమ్ము. పునాది కాడికెళ్లి పైకి ఎక్కుతది. రెండు మూడు ఫీట్ల ఎత్తుదాక పోయి ఒక గీత గీసినట్టు ఆగుతది. ఆ గీత మీద తెల్లగ ఉప్పు పూస్తది, సున్నం పెచ్చులు ఊడుతది. ఒక్క చోట కాకుండ గోడ పొడుగుత ఉంటది. దీనికీ పైపుకూ సంబంధం లేదు.

మూడు, వాడిన నీళ్ల తడి. అంటే బాత్‌రూం నీళ్లు, సింకు నీళ్లు బయటికి పోయే పైపుల లీకు. స్నానాలు అయినంక ఎక్కువైతది, ఇంట్ల ఎవరు లేని రోజు తగ్గుతది. వాసన కూడ ఉంటది.

నాలుగు, నల్లా నీళ్ల తడి. ట్యాంకుకెళ్లి దిగే పైపుల ఎప్పుడూ నీళ్ల బరువు ఉంటది. 10 మీటర్ల ఎత్తున్న ట్యాంకు నీళ్లు కింద పైపును చదరపు సెంటీమీటరుకు ఒక కిలో లెక్క నూకుతుంటయ్. మన స్లాబు మీది ట్యాంకు అంత ఎత్తు ఉండదు, మూడు నాలుగు మీటర్లంటే కిలోల మూడో వంతు. గని అది రాత్రి పగలు లేకుండ నూకుతనే ఉంటది. అందుకే ఈ తడికి వాన లేదు, స్నానం లేదు, ఎప్పుడూ ఒక్కతీరుగనే ఉంటది.

కాబట్టి ఒక నాలుగు రోజులు పొద్దుమాపు ఆ తడి అంచున పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తారీఖు రాయుండ్రి. ఏ రోజు ఎక్కువైంది, ఏ రోజు తగ్గింది అన్నది గోడనే చెప్తది. ఇంకో చిన్న ఉపాయం. పాలితీన్ కాగితం అరచేయి రెండింతలు కోసి, తడి కొంచెం తక్కువున్న చోట నాలుగు దిక్కుల టేపు గట్టిగ అంటియ్యాలె. ఒక రోజు ఆగి చూడాలె. కాగితం లోపలి దిక్కు నీటి చుక్కలు పడితే తడి గోడలకెళ్లి వస్తున్నట్టు. మీది దిక్కు పడితే ఇంట్ల గాలి తడి, అంటే వంట ఆవిరి, గాలి ఆడక పోవుడు. కిటికీ తెరిస్తే పోయేదానికి గోడ పగలగొట్టద్దు కదా.

తడి నాలుగో రకం లెక్క కొడితే అప్పుడు రాత్రి పరీక్ష పెట్టాలె.

రాత్రి అందరు పండుకునే ముందు ట్యాంకు నిండుగ పట్టుండ్రి. మోటర్ బంద్. బయటినుంచి నల్లా నీళ్లు నేరుగ ట్యాంకులకు వస్తే ఆ వాల్వు బంద్. ఇంట్ల అన్ని నల్లాలు గట్టిగ కట్టేయాలె. లెట్రిన్ ఫ్లష్ ట్యాంకుకు పోయే చిన్న వాల్వు కూడ బంద్ చెయ్యాలె. రాత్రికి రెండు బకెట్ల నీళ్లు బయట పెట్టుకోండ్రి. అప్పుడు ఒక ఎండు కట్టె ట్యాంకుల అడుగు దాక నిలువుగ దించి, తడిసిన కాడ గీత పెట్టుకోవాలె. తెల్లారి ఎవరు నల్లా తిప్పక ముందే మళ్ల అదే కట్టె, అదే చోట దించి చూడాలె. మూత ఉన్న ట్యాంకుల ఒక్క రాత్రికి ఆవిరయ్యేది లెక్కల రాదు.

లెక్క ఇట్ల. మూడున్నర ఫీట్ల వెడల్పున్న ట్యాంకుల, అంటే మనకాడ వాడే వెయ్యి లీటర్ల దాంట్ల, ఒక్క ఇంచు దిగితే సుమారు 23 లీటర్లు పోయినట్టు. సంపు ఆరు ఫీట్లకు ఆరు ఫీట్లు ఉంటే ఒక్క ఇంచు దిగుడు అంటే 85 లీటర్లు. సంపుకు కూడ ఇట్లనే ఒక రాత్రి పరీక్ష పెట్టుండ్రి. సంపు దిగుడు కాదు, వానకాలం దానంతట అదే పెరుగుతున్నదంటే ఇంకా చెడ్డ. బయటి నీళ్లు, పక్కన మోరీ ఉంటే మోరీ నీళ్లు లోపలికి వస్తున్నట్టు. ఆ నీళ్లు తాగద్దు.

ట్యాంకు దిగకపోతే సంతోషం, మీ నల్లా లైను మంచిగున్నది, వాడిన నీళ్ల పైపు దిక్కు చూసుకోండ్రి. దిగితే రెండో రాత్రి ట్యాంకు కిందున్న గేట్ వాల్వు బంద్ చేసి మళ్ల కొలవాలె. అప్పుడు కూడ దిగితే లోపం ట్యాంకుదే, లేదంటే ట్యాంకుకు పైపు బిగించిన కాడ వాషరుది. మోటర్ పైపు ట్యాంకు అడుగుకెళ్లి ఎక్కిస్తే ఇంకో సంగతి ఉన్నది. వెనక్కి పోకుండ ఆపే వాల్వు పాడైతే, ఎక్కించిన నీళ్లు మళ్ల బోరులకే దిగుతయ్. రాత్రంత దిగుడు, పొద్దుగల్ల మళ్ల ఎక్కించుడు. ఒక హెచ్‌పీ మోటర్ గంట నడిస్తే సుమారు ఒక యూనిట్ కాలుతది. పొలం కాడ 2018 జనవరి 1 సంది 24 గంటల ఉచిత కరెంటు గని, ఇంటి మీటరు లెక్క వేరే.

గేట్ వాల్వు కడితే దిగుడు ఆగిందంటే లీకు ఇంటి లైన్ల ఉన్నది. మూడో రాత్రి వంటిల్లు, బాత్‌రూం, వాకిలి, ఒక్కో లైనును విడదీసి చూడాలె. చేన్ల మడి మడికి నీళ్లు ఎట్ల కడతమో గట్లనే. ఏ మడిల నీళ్లు తక్కువైతే ఆ మడి ఒడ్డు చూస్తం గదా.

ఇదంత పుస్తకాల ముచ్చట కాదు. మా వాడకట్టుల జరిగింది చెప్తా, పేర్లు వద్దు.

ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి పోయినంక ఒక్క ఇల్లును నడిమ గోడతో రెండు చేసుకున్నరు. పోయిన ఎండకాలం అన్న దిక్కు వంటింటి గోడ నిమ్మెక్కింది. ఆ గోడకు అవతల తమ్ముని బాత్‌రూం. ముసలవ్వ మంచం ఆ గోడకే ఉంటది. అన్న అంటడు, "నీ బాత్‌రూం కారుతున్నది, తీసి మంచిగ చేయించు." తమ్ముడు అంటడు, "రెండేండ్ల కింద టైల్సు ఏసి కట్టిన, నా దాంట్ల ఏం లేదు, నీ సింకు చూసుకో." మాట మాట పెరిగింది. తోటికోడండ్లు కూర గిన్నెలు ఇచ్చుకునుడు బంద్ అయింది. మేస్త్రీ వచ్చి బాత్‌రూం ఒక గోడ, గచ్చు మొత్తం తియ్యాలె అన్నడు. ఖర్చు ఎవరు పెట్టాలె? దానికి పెద్దమనుషులను కూసోబెట్టేదాక పోయింది.

నేను వాళ్లకు చెప్పింది ఇదే. పంచాయితీ రేపు పెట్టుకోండ్రి, ఇయ్యాల గోడకు గీత గీయుండ్రి అన్న. తమ్ముని ఇంటోళ్లు పెండ్లికని రెండు రోజులు ఊరికి పోయిన్రు. బాత్‌రూంల చుక్క నీళ్లు పడలే. గోడ తడి ఇసుమంత తగ్గలే. అంటే వాడిన నీళ్లు కావు. వాళ్లు వచ్చినంక ఇద్దరి ట్యాంకులల్ల రాత్రి తొమ్మిదికి కట్టె గీతలు పెట్టినం, తెల్లారి అయిదుకు చూసినం. అన్న ట్యాంకు గీత మీదనే ఉన్నది. తమ్ముని ట్యాంకు రెండు ఇంచులు దిగింది. "చెప్తే విన్నవా, నీ నీళ్లే!" అని అన్న లేచిండు. ఆగు అన్నం. రెండో రాత్రి తమ్ముని బాత్‌రూం వాల్వు, వంటింటి వాల్వు రెండూ బంద్ పెట్టినం. మళ్ల రెండు ఇంచులే దిగింది. అంటే నీళ్లు తమ్మునియే, గని బాత్‌రూం కాదు. మరి ఎటు పోతున్నయ్?

లైన్ల మిగిలింది ఒక్కటే, వాకిట్ల పశువుల తొట్టికి పోయే పాత ఇనుప పైపు. అది చూసుకుంట నిలబడ్డం. అప్పుడు ముసలవ్వ మంచం మీదికెళ్లే అన్నది, "మీ నాయన ఉన్నప్పుడు ఆ పైపే గదరా వంటింట్లకు కూడ వచ్చేది. గా మూలకు నల్లా ఉండె." అంతే. ఇల్లు ఒక్కటిగ ఉన్నప్పుడు తండ్రి ఏసిన పైపు. తొట్టి దిక్కు ఒక కొమ్మ, వంటింటి దిక్కు ఒక కొమ్మ. ఇల్లు పంచుకున్నప్పుడు వంటింటి నల్లా తీసి, పైపు మూతికి బిరడా పెట్టి, మీద గచ్చు పోసిన్రు. తమ్ముడు కొత్త ట్యాంకు పెట్టుకున్నప్పుడు తొట్టికి నీళ్లు కావాలెనని పనాయన ఆ పాత పైపుకే కలిపిండు. అన్న గచ్చు కింద ఇనుము తుప్పు పట్టి తూట్లు పడ్డది. గోడలు, అర్రలు, వాకిలి అన్నీ పంచుకున్నరు గని నేల కిందున్న పైపు పంచుకోలే.

వాకిట్ల కొమ్మ విడిపోయే కాడ ఒకటిన్నర ఫీటు తవ్వినం. వంటింటి దిక్కు పోయే పైపును అక్కడనే కోసి మూత బిగించినం. గచ్చు కింది పైపును ముట్టుకోలే, అది చచ్చిన పైపు అయింది. ఒక్క టైలు పగలలే. సామాను ఖర్చు మూడు వందలు దాటలే. మూడో రాత్రి కట్టె గీత మీదనే నిలబడ్డది.

ఆ రెండు ఇంచుల లెక్క చూడుండ్రి. ఎనిమిది గంటల్ల 46 లీటర్లు. రోజుకు 138. నెలకు నాలుగు వేల లీటర్ల పైన, అంటే ఒక చిన్న ట్యాంకరు. భగీరథల ఊర్లకు మనిషికి రోజుకు 100 లీటర్లని లెక్క కట్టిన్రు. అంటే ఆ ఇంట్ల కనబడని మనిషి ఒకడు గచ్చు కింద కూసోని, ఒక మనిషి వాటా కంటే ఎక్కువ నీళ్లు తాగిండు.

గోడ పూర్తిగ ఎండెటానికి రెండు నెలలు పట్టింది. తొందరపడి మీదికెళ్లి పుట్టీ, రంగు ఏస్తే లోపలి తడి మళ్ల పెచ్చులు లేపుతదని ఆపినం. కూర గిన్నెలు మళ్ల అటు ఇటు తిరుగుతున్నయ్. గని ఆ ఎండకాలంల అనుకున్న మాటలు ఎవరు మర్చిపోలే. అవి అతుకవెట్టెటానికి ఏ సొల్యూషన్ దొరకది. మూడు రాత్రులు ముందే ఆగితే ఆ మాటలే రాకపోవు.

ఇగ ఏ లైనో తెలిసినంక, ఏ జాగల అన్నది ఎట్ల పట్టాలె?

ఒక మాట యాదుంచుకోండ్రి. తడి కనబడ్డ కాడనే లీకు ఉండాలని లేదు. నీళ్లు పైపు పట్టుకొని, గచ్చు కింద ఇసుక పట్టుకొని పారి, ఎక్కడ సందు దొరికితే అక్కడ బయట పడ్తయ్. అందుకే ట్యాంకు దిక్కుకెళ్లి మొదలుపెట్టి, జాయింట్లు, ఎల్బోలు, టీలు ఎక్కడెక్కడ ఉన్నయో గుర్తు చేసుకోవాలె. లీకుల ఎక్కువ వంతు సాఫు పైపుల ఉండదు, జోడించిన కాడనే ఉంటది. సాఫు పైపుల ఉన్నదంటే ఎవరో మేకు కొట్టిండ్రేమో చూడాలె. ఫోటోకు, అద్దానికి, టీవీకి డ్రిల్ ఏసిన చోటు.

రాత్రి పొద్దుపోయినంక ఊరు సద్దుమణిగినప్పుడు చెవితో పట్టొచ్చు. ఒక ఇనుప సలాక గని, పొడుగు స్క్రూడ్రైవర్ గని, ఒక కొస నల్లాకో పైపుకో ఆనిచ్చి ఇంకో కొస చెవి దగ్గర ఎముకకు ఆనిచ్చాలె. నీళ్లు సందుల దూరేటప్పుడు సుయ్యిమని సప్పుడు వస్తది. ఎక్కడ గట్టిగ వినబడ్తదో లీకు ఆ దగ్గరలనే. ఇది మోటు ఉపాయం అనుకోకండ్రి. పెద్ద పెద్ద పట్నాలల్ల నీళ్ల పైపులు చూసేటోళ్లు ఎన్నో ఏండ్ల సంది రాత్రిళ్లు సలాక పట్టుకొని రోడ్ల మీద ఇట్లనే విని పట్టుకున్నరు. ఇప్పుడు మిషన్లు వచ్చినా అవి వినేది ఆ సప్పుడే. సప్పుడు ఇనుప పైపుల దూరం పోతది, ప్లాస్టిక్ పైపుల తొందరగ సల్లారుతది. కాబట్టి పీవీసీ అయితే జాగ జాగకు ఆనిచ్చి వినాలె. కరెంటు వైరున్న గోడకు మాత్రం సలాక పెట్టకండ్రి.

టైల్సు మీద నాణెంతో కొట్టి చూడుండ్రి. కింద ఇసుక కొట్టుకపోతే బోలు సప్పుడు వస్తది. వాకిట్ల అయితే మన రైతు కన్నే చాలు. వైశాఖంల ఊరంత ఎండిపోయినప్పుడు ఒక్క చోట గడ్డి పచ్చగ ఉన్నదంటే, కప్ప కూసున్నదంటే, దాని కింద ఏమున్నదో మనకు ఒకరు చెప్పాల్నా?

ఫ్లష్ ట్యాంకు లీకు అన్నిట్ల దొంగ. సప్పుడు లేకుండ లోపల్లోపలనే కుండిలకు పోతది. ట్యాంకుల నాలుగు చుక్కలు ఉజాలా ఏసి, అరగంట ఫ్లష్ కొట్టకుండ ఆగుండ్రి. కుండిల నీలం దిగితే లోపల రబ్బరు పోయినట్టు. అది మార్చుడు ఇంట్లోళ్లే చేసుకోవచ్చు. ఇక బాత్‌రూం గచ్చు మీద అనుమానం ఉంటే, నీళ్లు పోయే జాలికి తడిగుడ్డ కుక్కి, రెండు ఇంచుల నీళ్లు నిలబెట్టి రెండు మూడు గంటలు చూడాలె. గోడ అవతల తడి పెరిగితే గచ్చుదో టైల్సు సందులదో లోపం. నిలబెట్టినప్పుడు పెరగకుండ, గుడ్డ తీసి నీళ్లు వదిలినంక పెరిగితే పైపుది.

మనకాడ నల్లా పైపులు చాన ఇండ్లకు మోరీ పక్కనుంచో, మోరీల నుంచో వస్తయ్. నీళ్లు వదిలినప్పుడు పైపుల బరువు ఉంటది కాబట్టి లీకులకెళ్లి నీళ్లు బయటికి చిమ్ముతయ్. వదులుడు బంద్ అయినంక పైపు ఖాళీ అయ్యేటప్పుడు అదే బొక్కలకెళ్లి మోరీ నీళ్లు లోపలికి గుంజుకుంటది. కాబట్టి మోరీల బుడగలు, లేదంటే మొదలు వచ్చే నీళ్లు మబ్బుగ ఉంటే ఊరికే ఉండకండ్రి. పంచాయతీల చెప్పుండ్రి, బాగయ్యేదాక కాచి సల్లార్చిన నీళ్లే పిల్లలకు తాగియ్యుండ్రి.

బాగు చేసేటప్పుడు చూసుకునేటివి కొన్ని. ముందు ఆ గోడ దిక్కు కరెంటు బంద్. తర్వాత నీళ్లు బంద్ చేసి లైను ఖాళీ చెయ్యాలె. కారుతున్న జాయింటు మీద సొల్యూషన్ పూసుడు, సైకిల్ ట్యూబు చుట్టుడు, ఎమ్‌సీల్ పెట్టుడు, ఇవి పట్నం పోయి సామాను తెచ్చెటందాకనే. గోడల పెట్టి మూసే పనికి అవి పనికిరావు. చెడ్డ ముక్కను రెండు దిక్కుల సాఫుగ కోసి తీసేయాలె. కొత్త ముక్క, రెండు కప్లింగులు పెట్టాలె. పైపు కొసను, కప్లింగ్ లోపలను గుడ్డతో తుడిచి, తడి అసలే లేకుండ ఆర్పాలె. మన పనోళ్లు తొందరల తప్పు చేసేది ఇక్కడనే. తడి పైపుకు సొల్యూషన్ పట్టది. రెండు దిక్కుల పలుచగ పూసి, నూకి, కొంచెం తిప్పి, అరనిమిషం కదలకుండ పట్టుకోవాలె. తెల్లారేదాక నీళ్లు వదలకుంటే మంచిది. వేడినీళ్ల లైనుకు మామూలు పీవీసీ ఏస్తే మెత్తబడి జాయింటు ఊడుతది, దానికి సీపీవీసీనే, దాని సొల్యూషన్ కూడ దానిదే. ఇనుప పైపు తుప్పు పడితే ఒక తూటును మూసినా పక్కన ఇంకోటి పడ్తది. ఆ లైనునే పక్కకు పెట్టి కొత్తది గోడ మీదికెళ్లి కనబడేటట్టు తీసుకపోవుడే మేలు. అందం కొంచెం తక్కువైనా, రేపు చుక్క పడితే కండ్లకు కనబడ్తది.

అతికినంక వెంటనే సిమెంటు పూయనీయకండ్రి. "ఇంకో రోజు రానికి నాకు తీరదు" అని మేస్త్రీ అంటడు. అననియ్యుండ్రి. ట్యాంకు నిండ నింపి, రెండు రాత్రులు తెరిచిపెట్టి, మళ్ల కట్టె గీత పెట్టి చూసి, అప్పుడు మూయాలె.

చివరికి కొత్త ఇండ్లు కట్టుకునేటోళ్లకు ఒక మాట. 2024 మార్చి 11న భద్రాచలంల మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకం కింద అయిదు లక్షల సాయం వచ్చి, మన దిక్కు కూడ మంది కట్టుకుంటున్నరు. లెక్క పెట్టి ఖర్చు పెట్టుకునే పైసలు అవి. గోడలు చెక్కి పైపులు పెట్టినంక, పూత పూయకముందు మూడు పనులు చేయించుండ్రి. ఒకటి, నల్లాల కాడ మూతలు బిగించి, లైన్ల నీళ్లు నింపి ఒక రోజంత ఉంచుడు. రెండు, వంటింటికి ఒకటి, బాత్‌రూంకు ఒకటి, వాకిలికి ఒకటి వేరే వేరే వాల్వులు పెట్టిచ్చుడు. వాటి ఖర్చు ఒక బస్తా సిమెంటు కన్న ఎక్కువ కాదు, గని ఇరవై ఏండ్లు ఆసరా ఉంటది. మూడు, గోడకు టేపు పట్టి, మూలకెళ్లి ఎన్ని ఫీట్లు, గచ్చుకెళ్లి ఎన్ని ఫీట్లు అన్నది కనబడేటట్టు ప్రతి గోడ ఫోటో తీసుడు. ఫోన్ల పెట్టి మర్చిపోకండ్రి, ఫోన్లు పోతయ్. కాగితం మీద తీయించి ఇంటి కాగితాలతో పాటు దాచుండ్రి.

ఇంకోటి. పంపకాలు రాసుకునేటప్పుడు ఎన్ని గజాలు, ఏ దిక్కు హద్దు అని రాసుకుంటం. నేల కింద ఏ పైపు ఎటు పోతున్నదో కూడ ఒక కాగితం మీద గీసుకొని ఇద్దరు దస్తకతు పెట్టుకోండ్రి. ఎక్కడున్నదో తెలిసిన పెద్దోళ్లు ఇంట్ల ఉన్నప్పుడే అడుగుండ్రి.

ఈ ఎండకాలంల మీ ఇంట్ల కూడ ఒక్క రాత్రి కట్టె దించి చూడుండ్రి. ఎన్ని ఇంచులు దిగిందో, ఏ తీరుగ పట్టుకున్నరో నాకు రాయుండ్రి. మీకు తెల్సిన ఉపాయం ఉంటే అది కూడ చెప్పుండ్రి, పది మందికి పనికొస్తది.

ఉంట మరి. శనార్తులు.